ఎండ కన్నెరుగని పెరడు

ఉత్తరం వైపు మొహం పెట్టిన పెరడు మాది.
హాలిఫాక్స్ కొండవాలున, మసిబారిన రాతిగోడల మధ్య
నాలుగు బారల నేల.
పడమటి సందులో సికమోర్ చెట్టు
వచ్చే కాస్త ఎండనీ పైపైనే తినేసేది.

మొదటి ఏడు టమాటాలు వేశాను.
కాడలు సాగి సాగి, పాలిపోయి,
ఎవరినో వెతుక్కుంటూ గోడెక్కబోయి పడ్డాయి.
రెండో ఏడు గోంగూర.
దాని సంగతి అడక్కండి.
"ఇక్కడ నాచు తప్ప ఏం పండదు" అని రత్నమాల
బట్టలారేసే తీగ ఇంట్లోకి మార్చేసింది.

ఒక మార్చి పొద్దున పక్కింటి బెరిల్ గ్రీన్‌వుడ్
పాత పేపర్లో మట్టిముద్ద చుట్టి
తూర్పు గోడ మీద పెట్టింది.
పారతో నరికిన ముక్క. వేళ్ళు తెల్లగా, సేమ్యాల్లా.
"దీని పేరు?" అన్నాను.
"చీటీ ఎప్పుడో పోయింది. హోస్టా అను, పలుకుతుంది."

ఏప్రిల్లో ఊదారంగు మొనలు
నేలని లోపల్నించి పొడిచాయి.
పొగాకు చుట్టల్లా బిగుసుకున్న ఆకులు
రోజుకో మడత విప్పుకుంటూ
మే నెలకి అరచెయ్యంత, జూన్‌కి విస్తరంత.
నీలం మీద తెల్లటి పూత.
బూడిదగుమ్మడి మీద ఉంటుందే, అదే.
ముట్టుకుంటే చెరిగి, నా వేలిముద్ర పడింది.
ఆకు రాలేదాకా అది అక్కడే ఉంది,
తప్పు ఒప్పుకున్న సంతకంలా.

నత్తనడక అంటే నిదానం అనుకునేవాణ్ణి.
రాత్రికి రాత్రి ఆకుని జల్లెడ చేసి
వెండిగీత గీసి పోయేవాడికి
నడకతో పనేముంది?
పైగా వీటికి గుల్లయినా లేదు, ఇల్లు మోసే బాధ లేదు.
గుడ్డుపెంకులు చల్లాను, కాఫీ పిప్పి చల్లాను,
కుండీ నడుముకి రాగి మొలతాడు కట్టాను.
చివరి బస్సు డిపోలో పెట్టొచ్చి, యూనిఫాం విప్పకుండానే
నెత్తికి టార్చి కట్టుకుని
అర్ధరాత్రి ఆకుల అడుగున తడిమేవాణ్ణి.
బెరిల్ కిటికీ తెరిచి "ఎన్ని?" అనేది.
"ముప్ఫై ఒకటి."
"నావి నలభై." కిటికీ మూసుకునేది.

ఏడేళ్ళలో ఒక ముద్ద పదకొండు దుబ్బులైంది.
పేర్లు లేవు కదా, నా రూట్లో స్టాపుల పేర్లు పెట్టాను.
కింగ్ క్రాస్ అన్నిటికంటే వెడల్పు.
పెలన్‌కి పచ్చటి అంచు.
ఓవెండెన్ ఎప్పుడూ లేటు.

మొన్న జూన్‌లో కౌన్సిల్ వాళ్ళొచ్చి
సికమోర్‌కి తెగులన్నారు.
మధ్యాహ్నానికి మొద్దు మిగిలింది.

మూడింటి నుంచి ఏడింటిదాకా
ఎండ! మా పెరట్లో!
రత్నమాల తీగ కట్టి, దుప్పట్లు ఆరేసి,
ఊరికే కాసేపు అక్కడే నిలబడింది.
"గోంగూర గింజలున్నాయా?" అంది.

నాలుగో రోజుకి కింగ్ క్రాస్ అంచులు అప్పడాల్లా మాడాయి.
పూత కరిగి నీలం పోయింది.
ఇన్నాళ్ళూ వానకి పట్టిన గొడుగు
ఎండకి పట్టాను, ఆకులకి.
సందులో పోయేవాళ్ళు ఆగి మరీ చూశారు.
నేను ఎండ కోసం ఎన్ని మొక్కులు మొక్కానో
వాళ్ళకేం తెలుసు.

బెరిల్ గోడ మీద మోచేతులు ఆనించి అంది:
"ఈ గోడ నీడ పడేది నా వైపే. పట్రా."

సాయంత్రాలు ఒక్కో దుబ్బూ తవ్వి, పేపర్లో చుట్టి,
వచ్చిన దారినే గోడ దాటించాను.
ఆమె చేతులు ఇప్పుడు కాస్త వణుకుతున్నాయి.
పెలన్‌ని ఇద్దరం కలిసి దించాం.

ఓవెండెన్‌ని మాత్రం ఉంచుకున్నాను.
గొడుగు కర్ర నేలలో పాతేశాను.
పక్క సాలులో గోంగూర రెండాకులేసింది.

నిన్న ఐదింటికి గొడుగు కింద వంగి చూస్తే
ఆకు వెనక, చల్లగా, ముడుచుకుని
ఒక నత్త.
వాడూ నీడకే వచ్చాడు.

గోడవతల్నించి బెరిల్ "ఎన్ని?" అంది.

లేవన్నాను.